కుంపిణీ అంటే ఎవరు?

ఈ కాస్సేపూ మిమ్మల్ని తార్నాక వైపు తీసుకువెళదామని వచ్చాను. మీరందరూ ఆ దారిన ఎన్నోసార్లు వెళ్లే ఉంటారు. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. ఒకప్పుడు అక్కడ తీగకంచె వేసిన తోట ఉండేదనీ, దాని కాపలా చౌకీ పేరే ఊరి పేరుగా నిలిచిందనీ పెద్దలు చెబుతారు. ఇప్పుడు అక్కడ మెట్రో రైలు ఆగుతుంది. దిగి కాస్త నడిస్తే రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి తార్నాకలోనే ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్, అంటే పాత సర్కారీ దస్తరాలు దాచే చోటు. రెండోది ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం. 1891లో వెలసిన ఆసఫియా గ్రంథాలయపు వ్రాతప్రతులు తరువాతి రోజుల్లో ఇక్కడికే చేరాయి.

ఆ రెండు చోట్లా ఏముంటాయని అడుగుతారేమో. తాళపత్రాలు, చేతి కాగితం మీద కలంతో వ్రాసిన పుస్తకాలు, కట్టలు కట్టిన దస్తరాలు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, అరబ్బీ, అన్నింటికీ మించి ఫార్సీ. ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల నాటి దక్కను పరిపాలన కాగితాలే లక్షకు పైబడి ఉన్నాయి. ఏ సర్దారు కింద ఎన్ని గుర్రాలు, ఏ పరగణాకు శిస్తు ఎంత, అన్నీ ఫార్సీలోనే.

తెలుగునాట ఇంత ఫార్సీ ఎందుకమ్మా అంటే, 1880ల దాకా హైదరాబాదు సర్కారు భాష అదే. మనకు తెలియకుండానే మన నోట రోజూ అది నలుగుతూ ఉంటుంది. రసీదు, దస్తావేజు, వకీలు, జమాబందీ, ఖరారు, ఇవన్నీ ఆ దస్తరాల్లోంచి మన ఇళ్లలోకి నడిచివచ్చిన మాటలే. అందుకని ఫార్సీ వ్రాతప్రతి అంటే మనకేమిటిలే అని పక్కన పెట్టడానికి లేదు. మన తాతముత్తాతల పొలాలు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయాయో ఆ లిపిలోనే వ్రాసి ఉంది.

ఈరోజు నేను చెప్పదలచింది అలాంటి ఒక పుస్తకం గురించి. రెండు వందల ఏళ్ల క్రితం మన హైదరాబాదులో కూర్చుని ఒక మనిషి ఐరోపా ఖండం గురించి వ్రాశాడు. అక్కడ ఏ దేశాలున్నాయి, భూమి ఏ ఆకారంలో ఉంది, రాజులు ఎలా ఏలుతారు, ప్రజలు ఎలా బ్రతుకుతారు, అన్నీ వివరించాడు. ఆ పుస్తకం పేరు తుహ్ఫతుల్ ఆలం. తుహ్ఫా అంటే కానుక. మనం తోఫా అంటామే, అదే. ఆలం అంటే లోకం. లోకానికి కానుక అని ఒక అర్థం, మీర్ ఆలంకు కానుక అని మరో అర్థం. మీరాలం చెరువు, మీరాలం మండీ మీకు తెలిసినవే. ఆ పేర్లు ఏ మీర్ ఆలంవో, ఈ కానుకా ఆయనకే.

గ్రంథకర్త పేరు మీర్ అబ్దుల్ లతీఫ్ షూస్తరీ. ఇరాన్ దేశంలోని షూస్తర్ పట్టణంలో పుట్టాడు. 1788లో ఓడ ఎక్కి మన దేశం వచ్చి కలకత్తా చేరాడు. మీర్ ఆలం తండ్రి కూడా ఆ షూస్తర్ నుంచే వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డవాడు. కాబట్టి ఇద్దరూ దగ్గరి బంధువులు. అబ్దుల్ లతీఫ్ కొంతకాలం కలకత్తాలో నిజాముకు వకీలుగా పనిచేసి, తరువాత హైదరాబాదు వచ్చాడు.

ఆ రోజుల్లో మనవాళ్లందరినీ వేధించిన ప్రశ్న ఒకటుంది. కుంపిణీ అంటే ఎవరు? కుంపిణీ సర్కారు అంటారు, కుంపిణీ సిపాయిలంటారు, కుంపిణీ వారి హుకుం అంటారు. ఇంతకీ కుంపిణీ రాజా, రాణీనా, దొరా? మొగలాయీ పాదుషా అంటే తెలుసు, నిజాం అంటే తెలుసు, పీష్వా అంటే తెలుసు. ముఖం లేని ఈ కుంపిణీ ఎవరు? లండను నగరంలోని వర్తకులు కొందరు వాటాలు వేసుకుని, 1600లో ఎలిజబెత్ రాణి దగ్గర పత్రం పుచ్చుకుని మొదలుపెట్టిన వ్యాపారం అది. చీటీపాట వేసుకున్నట్టు డబ్బు పోగుచేసి మిరియాలకు బయలుదేరినవాళ్లు మన జిల్లాలకు యజమానులయ్యారు. ఈ సంగతి ఇక్కడి జనానికి నమ్మశక్యంగా ఉండేదా చెప్పండి?

ఇది ఊరికే కుతూహలం కొద్దీ అడిగే ప్రశ్న కాదు. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కార్లు కుంపిణీ చేతికి పోయాయి. శ్రీకాకుళం, రాజమండ్రి, మచిలీపట్నం సీమలన్నమాట. గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ బ్రతికున్నంతకాలం ఆయనదేనన్నారు. ఆయన 1782లో పోయాడు. 1788లో గుంటూరు కూడా కుంపిణీ వారికి ముట్టింది. ఆ లెక్కల బేరం మాట్లాడడానికి నిజాం కలకత్తాకు పంపిన రాయబారే మీర్ ఆలం. ఎదుట కూర్చున్నది గవర్నర్ జనరల్ కారన్‌వాలీసు. ఆయన ఒకమాట ఇస్తే అది ఎవరి మాట? ఆయన సొంతమా, వర్తకులదా, వాళ్ల రాజుదా? రేపు ఆయన ఓడ ఎక్కి వెళ్లిపోతే ఆ మాటకు పూచీ ఎవరు? మన ఇంట్లో పాలవాడితో ఖాతా పెట్టుకోవాలన్నా ముందు ఈ సంగతే కనుక్కుంటాం గదా! అలాంటిది జిల్లాలకు జిల్లాలే చేతులు మారుతున్నాయి.

అబ్దుల్ లతీఫ్ పుస్తకంలో ఐరోపా సంగతులకు అంత విలువ ఎందుకో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. ఆయన ఐరోపా వెళ్లలేదు. కలకత్తాలో ఇంగ్లీషువారితో స్నేహం చేసి, అడిగి తెలుసుకున్నాడు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ సిద్ధాంతం చెప్పాడు. న్యూటను ప్రతిభను మెచ్చుకున్నాడు. కొలంబస్ సముద్రం దాటి అమెరికా చేరిన వైనం చెప్పాడు. కలకత్తాలో ఇంగ్లీషువారి రహస్య సమాజమైన ఫ్రీమేసన్ల ఊసు కూడా ఎత్తాడు. ఊడ్పుల సంగతి కూడా వదల్లేదండోయ్! కలకత్తా వీధుల్లోంచీ బజారుల్లోంచీ రోజూ చెత్త ఎత్తి ఊరి బయటకు తోలడానికి ఏడు వందల జతల ఎడ్లనూ బండ్లనూ కుంపిణీవారు ఏర్పాటు చేశారని వ్రాశాడు. మన వీధి చివర చెత్తకుండీ వైపు చూసినప్పుడల్లా నాకు ఈ ముక్క గుర్తుకొస్తుంది.

అన్నిటికంటే ఆయనను ఆశ్చర్యపెట్టింది ఇంగ్లండు పరిపాలన. అక్కడి ప్రభుత్వం మూడు కాళ్ల మీద నిలబడి ఉందన్నాడు. రాజు ఒకరు, ప్రభువులు ఒకరు, రయితులు ఒకరు. పెద్ద పని ఏది చేయాలన్నా ముగ్గురూ ఒప్పుకోవాలి. రాజు ఒకరికి మేలు చేయదలిస్తే చేయవచ్చు గాని, కీడు చేసే అధికారం ఆయనకు లేదనీ, తన సొంత నౌకరునైనా కొట్టడానికి వీలులేదనీ వ్రాశాడు. కళ్లెదుట నవాబులు కోపం వస్తే మనిషిని ఖైదులో వేయించడం, దయ కలిగితే జాగీరు ఇవ్వడం చూస్తున్నవారికి ఇదెంత వింతగా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ఇంగ్లండులో ఆ రోజుల్లో ఓటు హక్కు కొద్దిమంది ఆస్తిపరులకే ఉండేది, ఆడవారికి అసలే లేదు. కలకత్తా దొరలు ఆయనకు తమ ఇంటి వాకిలే చూపించారు, పెరడు చూపించలేదు. అయినా వాకిలి వర్ణన తప్పు కాదు. రాజుపైన కూడా ఒక చట్టం ఉంటుందన్న ఊహ హైదరాబాదులో సిరాతో కాగితం మీద పడింది.

ఇక ఆయన ఏ స్థితిలో వ్రాశాడో చెప్పాలి. 1798 సెప్టెంబరులో నిజాం కుంపిణీతో సైనిక ఒప్పందం చేసుకున్నాడు. పరాసువారి పటాలాన్ని రద్దుచేసి, ఖర్చు తాను భరించి కుంపిణీ సైన్యాన్ని పెట్టుకున్నాడు. 1799లో శ్రీరంగపట్నం పడింది, ఆ యుద్ధంలో నిజాం సైన్యం వెంట మీర్ ఆలం నడిచాడు. వచ్చిన ఏడాదికే దివాను అరస్తూ జాతో ఆయనకు చెడింది. పదవి పోయింది, నిర్బంధం వచ్చింది. బంధువుల మీదా ఆ దెబ్బ పడింది. అబ్దుల్ లతీఫ్ గడప దాటి పోలేని రోజులవి. ఇంట్లో కూర్చుని ఆయన చేసిన పని ఈ పుస్తకం. కాళ్లు కట్టేసినప్పుడు ప్రపంచపటం గీసుకున్నాడు పాపం!

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1800 అక్టోబరు 12న, మరో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. సైన్యం ఖర్చుకు రొక్కం బదులుగా భూములే ఇచ్చేశారు. మైసూరు యుద్ధాల్లో 1792లో, 1799లో వాటాగా వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు కుంపిణీకి దత్తమయ్యాయి. అందుకే వాటికి దత్తమండలాలన్న పేరు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని అర్థం వచ్చే ఆ పేరును అక్కడివారు 1928 దాకా మోశారు. నంద్యాల సభలో రాయలసీమ అనే పేరు పెట్టుకున్న తరువాత గాని ఆ మచ్చ పోలేదు. కాగితం మీది ఒక గీత ఎన్ని తరాలు నడుస్తుందో చూడండి.

ఇక్కడ చిహ్నాల సంగతి కూడా చెప్పాలి. చిహ్నాలు మనకు కొత్తకాదు. చాళుక్యులకు, కాకతీయులకు, విజయనగర ప్రభువులకు వరాహ లాంఛనం ఉండేది. నాణెం మీద వరాహం ఉండబట్టే ఆ నాణేన్ని వరహా అన్నాం. మొగలాయీ పాదుషాలు మెచ్చినవారికి మాహీ మరాతిబ్ అని చేప గుర్తు ఇచ్చేవారు. అసఫ్‌జాహీల జెండా మీద గుండ్రంగా కనిపించేది కుల్చా రొట్టె. మొదటి నిజాము ఆకలిగా వస్తే ఒక ఫకీరు కుల్చాలు పెట్టాడనీ, ఆయన ఏడు తిన్నాడనీ, ఆ కృతజ్ఞతకు గుర్తుగా రొట్టె జెండాకెక్కిందనీ కథ. వంటింటి వస్తువు రాజచిహ్నం కావడం మనకు సంతోషమే గదా.

ఐరోపా వారి పద్ధతి వేరు. వాళ్లకు చిహ్నం అంటే ఒక శాస్త్రం. డాలు ఆకారం, దానిలో ఏ రంగు ఎక్కడ, పైన ఏ కిరీటం, పక్కన ఏ మృగం, కింద ఏ వాక్యం, అన్నీ నియమాలతో వ్రాసిపెట్టి రాజు మంజూరు చేయాలి. చదవడం తెలిసినవారికి అది వంశావళి, అధికార పత్రం రెండూనూ. కుంపిణీకి కూడా 1698లో ఇలాంటి చిహ్నం మంజూరైంది. తెల్లని డాలు మీద ఎర్ర శిలువ, మూలన రాజుగారి కిరీటపు గుర్తు, రెండు పక్కలా జెండాలు పట్టుకున్న సింహాలు. కింద లాటిన్ భాషలో ఒక వాక్యం. ఇంగ్లండు రాజు, పార్లమెంటుల అనుజ్ఞతో అని దాని భావం.

కుంపిణీ అంటే ఎవరన్న ప్రశ్నకు జవాబు వాళ్ల చిహ్నం మీదే చెక్కి ఉంది చూశారా! వర్తకులే గాని, వెనక రాజు ఉన్నాడు. రాజు ఒక్కడే కాదు, పార్లమెంటు ఉంది. 1784లో ఆ పార్లమెంటు కుంపిణీ మీద ఒక అజమాయిషీ సంఘాన్ని కూడా కూర్చోబెట్టింది. ఒక దొరతో మంచిగా ఉంటే సరిపోదు, ఆ దొర పోయినా యంత్రం ఆగదు. అబ్దుల్ లతీఫ్ పుస్తకం ఈ యంత్రాన్నే విప్పి చూపింది. కాని అది వెలువడేసరికి గుంటూరు పోయింది, దత్తమండలాలు పోయాయి. తెలిసినవాడు ఇంట్లో బందీగా ఉన్నాడు, సంతకాలు దర్బారులో జరిగిపోయాయి.

ఆ చిహ్నాన్ని చూడాలంటే లండను పోనక్కరలేదు. మన కోఠీకి వెళితే చాలు. అక్కడి రెసిడెన్సీ భవనం ముందు పెద్ద స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు, పైన త్రికోణపు గోడలో కుంపిణీ వారి చిహ్నం. పుస్తకం పూర్తవుతున్న రోజుల్లోనే ఆ భవనానికి పునాదులు పడ్డాయి. కట్టించింది రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్, ఖర్చు నిజాముది.

ఆ కర్క్‌పాట్రిక్ కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆయన పెళ్లాడిన ఖైరున్నిసా మీర్ ఆలం బంధువర్గపు పిల్లే. అంటే మన గ్రంథకర్తకు కూడా చుట్టమే. పదిహేనేళ్లయినా నిండీ నిండని వయసు. ఊరంతా గగ్గోలైంది, కలకత్తాలో విచారణలు జరిగాయి. ఇప్పుడు పుస్తకంలో ఆడవారి గురించి ఏముందో వినండి. ఇంగ్లీషు స్త్రీలకు పరదా లేదట. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే బడిలో చదువుతారట. అందువల్ల మంచి కుటుంబాల పిల్లలు ప్రేమలో పడి అప్రతిష్ఠ తెచ్చుకుంటారనీ, తండ్రులు వాళ్లను ఇంట్లోంచి వెళ్లగొడతారనీ, వాళ్లు వీధుల పాలవుతారనీ వ్రాశాడు.

ఖగోళాన్ని, పార్లమెంటును అంత నిదానంగా విచారించి వ్రాసిన మనిషి, ఆడపిల్లల మాట వచ్చేసరికి విన్న కబుర్లతో సరిపెట్టాడు. చూడని దేశపు పిల్లల మీద తీర్పు చెప్పాడు. సొంత బంధుకోటిలో పరదా చాటున, బడి మొహం చూడకుండా పెరిగిన పిల్ల తన మనసు తాను చూసుకుందన్న సంగతి ఆ తీర్పుకు అడ్డు రాలేదు. పాత పుస్తకాలు చదివేటప్పుడు మనం గమనించవలసింది ఇదే. ఏది విచారించి వ్రాశారు, ఏది విని వ్రాశారు అన్నది వేరుచేసి చూసుకోవాలి. బియ్యంలో రాళ్లు ఏరడం మనకు అలవాటే.

ఖైరున్నిసా కథ సుఖాంతం కాలేదు. 1805లో కొడుకునూ కూతురునూ చదువుకని ఇంగ్లండు పంపించారు. పెద్దవాడికి నాలుగేళ్లు, చిన్నదానికి మూడేళ్లు. ఆ ఏడాదే కర్క్‌పాట్రిక్ కలకత్తాలో కన్నుమూశాడు. బిడ్డలను మళ్లీ చూడకుండానే 1813లో ఆమె పోయింది, ఇరవై ఏడేళ్లకే. ఎన్నో ఏళ్ల తరువాత, 1840ల్లో, ఇంగ్లండులో ఉన్న కూతురికీ హైదరాబాదులో ఉన్న అమ్మమ్మ షరఫున్నిసాకూ ఉత్తరాలు నడిచాయి. అమ్మమ్మ ఫార్సీలో వ్రాయించేది, మనవరాలు ఇంగ్లీషులో వ్రాసేది. మధ్యన ఎవరో తర్జుమా చేస్తేనే ఒకరి మాట ఒకరికి అందేది. తల్లి జుట్టుపాయ ఒకటి ఆ ఉత్తరాల వెంట సముద్రం దాటింది. భాష చదివేవారు లేకపోతే సొంత రక్తమే మూగదైపోతుంది.

రెసిడెన్సీ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 1949లో ఆ భవనంలోకి ఉస్మానియా వారి మహిళా కళాశాల వచ్చింది. కుంపిణీ సింహాల మధ్య నుంచి తరతరాల ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని మెట్లెక్కారు. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తన భూమి కోసం దొరకు ఎదురు నిలిచిన ఐలమ్మ! ఆడపిల్లలు బడికి పోతే వీధుల పాలవుతారన్న మాటకు ఇంతకంటే జవాబు ఏం కావాలి?

అబ్దుల్ లతీఫ్ 1805 ప్రాంతంలో హైదరాబాదులోనే కాలం చేశాడు. ఆయన పుస్తకం చేతివ్రాత ప్రతులుగా తిరిగి, 1847లో బొంబాయిలో రాతి అచ్చులో వెలువడింది. 1984లో టెహరానులో మళ్లీ అచ్చయింది. ఒకరు కాపీ చేశారు, ఒకరు దాచారు, ఒకరు చదివారు, అందుకే మిగిలింది. ఆ మూడు పనుల్లో ఏది ఆగినా మిగిలేది కాదు.

దాచే పని మన చేతిలోనిది. మీ ఇంట్లో అత్తగారి ట్రంకు పెట్టెలోనో, ఊళ్లో అటక మీదనో పాత కాగితాల కట్టో, తాటాకు పుస్తకమో ఉండే ఉంటుంది. లిపి తెలియదని పాతకాగితాలవాడికి తూకానికి వేయకండి. చిరిగిన చోట ప్లాస్టిక్ టేపు అంటించకండి, కొన్నాళ్లకు ఆ జిగురే కాగితాన్ని తినేస్తుంది. తేమ తగలని చోట, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. పక్కన చిన్న గుడ్డమూటలో కాసిని వసకొమ్ములు ఉంచితే పురుగు చేరదు. తాటాకులకు నిమ్మగడ్డి నూనె పలచగా పూయడం మన పెద్దల పద్ధతి. ఆపైన చదివేవారికి చూపించండి. ఆ కట్టలో ఉన్నది చాకలిపద్దు కావచ్చు, పొలం దస్తావేజు కావచ్చు, మీ వంశంలో ఎవరో ఆడమనిషి వ్రాయించిన ఉత్తరం కావచ్చు. చదివించకుండా మాత్రం తెలియదు. ఉంటాను, సెలవు.